రుచి – వివేకము : రువేదా తెల్లని ద్రాక్షాసవము

కడచిన సంచికలో మేము స్పెయిను దేశపు ఆలివు నూనెను గూర్చి వ్రాసిన పిమ్మట, ఆ దేశమునందును దాని ఇరుగుపొరుగు దేశములయందును కాపురములు చేయుచున్న సోదరీమణులు కొందఱు మాకు జాబులు వ్రాసిరి. నూనె మాట వారిలో చాలమందికి పట్టలేదు. వారి సందేహమంతయు సీసాను గూర్చి. అచ్చటివారు విందునకు పిలిచినచో వట్టి చేతులతో రారు. తెల్లని ద్రాక్షాసవపు సీసా నొకదానిని, అనగా వాడుకలో వైటు వైనును, చేతబట్టుకొని వత్తురు. త్రాగువారు లేని యిండ్లలో అది అద్దాల బీరువా యెక్కును. "వైను పాతబడినకొలది విలువ పెరుగు నందురు గదా, మా అమ్మాయి పెండ్లివఱకు ఉంచిన బాగుండునా?" అని యొక సోదరి అడిగినది. ఆమె బీరువాలోని సీసామీది పేరు రువేదా. అంగడిలో దాని వెల అయిదారు యూరోలు. అట్టి సీసాను పెండ్లివఱకు దాచుట యనగా, నేడు చిలికిన మజ్జిగను సంక్రాంతి పండుగకు దాచుట వంటిది. ఎందువలన నట్లయినదో, ఆ చవక సీసాలో మెచ్చదగినది యేమి యున్నదో, ఈ మాసము విచారింతము.

మద్యమునకు ఈ శీర్షికలో చోటేల యని కొందఱు పెద్దలు నొచ్చుకొనవచ్చును. మన యాడువారికి సారాయితో గల వైరము ఊరక పుట్టినది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామపు స్త్రీలు తమ యూరి సారా దుకాణమును మూయించిరి. రాత్రివేళ చదువు నేర్చుకొను వాచకములోని యొక కథ వారికి ధైర్యమిచ్చె నని ప్రసిద్ధి. ఆ యుద్యమము ఊరూర ప్రాకి, 1993లో రాష్ట్రమంతటను సారా నిషేధమును, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమును తెచ్చెను. 1997లో ఆ నిషేధము సడలిపోయెను. మేము ఆ స్త్రీల పక్షమువారమే. త్రాగుడు లేని సోదరి మా వ్యాసము చదివి మొదలుపెట్టవలె నని మాకు లేదు. అయినను పరదేశమున అతిథులను ఆదరించు నిల్లాలికి, తన బల్లమీదికి వచ్చు వస్తువు ఏదో, మంచిదో చెడినదో తెలియుట అవసరము. మఱియొక మాట. రుచి చూచుట వేఱు, త్రాగుట వేఱు. ఆ వృత్తిలోనివారు దినమునకు పదుల కొలది సీసాలు పరీక్షింతురు. ప్రతి గ్రుక్కను నోట త్రిప్పి, ప్రక్కనున్న పాత్రలో ఉమ్మివేయుదురు. మేమును ఆ పద్ధతినే పాటించితిమి. మొదట చూచువారికి అది మోటుగా తోచును గాని, నాలుక తీర్పు చెప్పుటకు గొంతుతో పనిలేదు.

రువేదా యనునది ఒక గ్రామము పేరు. స్పెయినులో వాయవ్యముగా, వయ్యదోలిద్ మండలమున, దువేరో నదికి దక్షిణముగా నున్నది. దాని పేరిటనే చుట్టుప్రక్కల ద్రాక్షసీమ యంతయు పిలువబడుచున్నది. సెగోవియా, ఆవిలా మండలములలోని కొన్ని గ్రామములును అందు చేరును. ఈ సీమకు మెదీనా దెల్ కాంపో పట్టణము ప్రధానము. కొలంబసును సముద్రయానమునకు పంపిన ఇసబెల్లా రాణి 1504లో కన్నుమూసినది ఆ పట్టణముననే. నేల సముద్రమట్టమునకు 700 మీటర్లు మొదలు 800కు పైబడిన యెత్తు. మొదటిది ఇంచుమించు మన మదనపల్లె యెత్తే. కాని మదనపల్లె చల్లదనము అచ్చట లేదు. "తొమ్మిది నెలలు చలి, మూడు నెలలు నరకము" అని ఆ కస్తీయా పీఠభూమివారు తమ వాతావరణమును గూర్చి తామే చెప్పుకొందురు. నేలపై గులకరాళ్ళు పఱచినట్లుండును. వేసవి పగలు మాడ్చును. సూర్యు డస్తమించగానే చలిగాలి వీచును. పగటి కాకకు పండు తీపెక్కును, రాత్రి చల్లదనమునకు దాని పులుపు నిలుచును. రాత్రులు వెచ్చనైన సీమలలో పండులోని పులుపు, ముఖ్యముగా మాలిక్ ఆమ్లము, తీగమీదనే కరగిపోవును. ఈ ఆసవమునందు మనము మెచ్చుకొను కరకుదనమునకు మూలము ఆ రాత్రిచలియే.

కరకుదన మంటిమి, ఆ మాటను విప్పి చెప్పవలెను. కొఱికిన చిన్నరసపు మామిడిపిందె పండ్లకు తగిలినట్లు, నోరూరించి, నాలుకను తుడిచి, మఱల ఒక ముద్ద తినవలె ననిపించు నిర్మలమైన పులుపే అది. ద్రాక్షలోని ముఖ్యమైన ఆమ్లము టార్టారిక్ ఆమ్లము. మన చింతపండులో నున్నదియు అదియే. ఇత్తడి బిందెను చింతపండుతో తోమిన చేతులకు ఈ పులుపు క్రొత్తది కాదు. కావున ఆసవపు పులుపును తూచుటలో తెలుగు నాలుక ఎవరికిని తీసిపోదని మా నమ్మకము. ఆ ఆమ్లమే చలికి గడ్డకట్టి యప్పుడప్పుడు సీసా యడుగున కలకండ పలుకులవలె మెఱయును. అది చూచి గాజుపెంకులని భయపడి పాఱబోయువా రున్నారు. దానివలన హాని యేమియు లేదు. మెల్లగా వంచి పోసికొన్న చాలును.

ఇక పండు. దాని పేరు వెర్దేహో. పచ్చనిది యను నర్థము నిచ్చు మాటనుండి వచ్చినది. పదునొకండవ శతాబ్దమున దక్షిణమునుండి వలసవచ్చినవారు దానిని ఈ సీమకు తెచ్చిరని వాడుక. నేటి శాస్త్రజ్ఞులు దాని వంశమును పరీక్షించి, సావన్యాన్ అను నొక ప్రాచీన జాతికిని, కస్తెయానా బ్లాంకా యను స్థానిక జాతికిని పుట్టిన బిడ్డ యని తేల్చిరి. ఈ పండునకు ఒక బలహీనత యున్నది. గాలి సోకిన చాలు, రసము త్వరగా రంగు మాఱును. కోసిన వంకాయ నల్లబడినట్లే. పూర్వము దానిని ఆపు నుపాయము లేక, ఆ లోపమునే గుణముగా మార్చుకొనిరి. ఆసవమును పెద్ద గాజు బుడ్లలో పోసి, మనము మాగాయ ముక్కలను ఎండబెట్టినట్లు ఎండలో నిలిపి, తరువాత కొయ్యపీపాలలో మాగబెట్టి, బంగారు వన్నెగల ఘాటైన పానీయముగా చేసిరి. దొరాదో యను పేర అది నేటికిని కొలదిగా తయారగుచున్నది. నాటికి రువేదా యనిన అదియే. తేటగా, పచ్చగా, కరకుగా నుండు నాసవము కాదు.

తరువాత ఫిలాక్సెరా యను పురుగు ఐరోపాలోని ద్రాక్షతోటల వేళ్ళను తినివేసినప్పుడు ఈ సీమయు చెడెను. మరల నాటినవారు, ఎక్కువ కాపు కాయును గదా యని పాలోమీనో యను వేఱు జాతిని నాటిరి. వెర్దేహో వెనుకబడెను. లా సేకా గ్రామమున ఆంఖెల్ రోద్రీగెస్ విదాల్ అను రైతు మార్తిన్‌సాంచో యను తన పాత తోటను పెఱికివేయక కాపాడెను, ఇట్టివారు కొలదిమందే. సెగోవియా మండలపు ఇసుక నేలలలో పురుగు పాఱలేక, అంతకు పూర్వపు ముసలి తీగలు కొన్ని నేటికిని నిలిచియున్నవి. 1972లో రియోహా సీమలో ఎఱ్ఱని ఆసవమునకు పేరుమోసిన మార్కేస్ దె రిస్కాల్ సంస్థవారు తెల్లని ఆసవముకొఱకు తగిన తావు వెదకుచు ఇచ్చటికి వచ్చిరి. బోర్దో నగరపు పండితుడు ఎమీల్ పేనో వారికి సలహాదారు. పండును చల్లగా ఉంచి, గాలి తగులనీయక, తుప్పుపట్టని యుక్కు తొట్లలో పులియబెట్టిన యెడల వెర్దేహో యెట్టి పరిమళ మిచ్చునో అప్పుడు లోకమునకు తెలిసినది. 1980లో రువేదాకు ప్రభుత్వ గుర్తింపుగల సీమనామము లభించెను. కస్తీయా–లెయోన్ ప్రాంతమున అట్టి గౌరవము పొందిన మొదటి సీమ ఇదియే.

సోదరీమణులు గమనింపదగిన సంగతి యింకొకటి. 1998లో విక్తోరియా పరియేంతె యను స్త్రీ, ద్రాక్షతోట రైతైన తన తండ్రి ఖొసే పరియేంతె పేరిట ఇచ్చట ఆసవమును తయారుచేయ మొదలిడెను. రసాయన శాస్త్రమును, ద్రాక్షను ఎఱిగిన యామె తయారుచేసిన సీసాలపై తండ్రి పేరు నేడు అనేక దేశములలో చదువబడుచున్నది. తరువాతి తరమున ఆమె బిడ్డలును ఆ పనిలోనే యున్నారు.

ఈ ఆసవము రాత్రిపూట పుట్టును. సెప్టెంబరు మాసమున, పగటి వేడిమి చల్లారిన పిదప, అర్ధరాత్రి దాటిన తరువాత యంత్రములు దీపములతో తోటలలోనికి దిగును. తీగలవరుసల కిరువైపుల నడచుచు యంత్రము పండ్లను రాల్చుకొనును. తెల్లవాఱకమునుపే పండు కొట్టమునకు చేరవలెను. చల్లగా వచ్చిన పండు గాలికి త్వరగా చెడదు, తొందరపడి పులియదు. దానిని మఱల చల్లబఱచుటకు ఖర్చును తగ్గును. పులియునప్పుడును తొట్టిని చల్లగా నుంచుదురు. ఇంతటితో ఆగిన చాలదు. ఎఱ్ఱని ఆసవములలో రెండవమాఱు ఒక మార్పు జరుగనిత్తురు. దానిచే మాలిక్ ఆమ్లపు పదును పాలలోని మెత్తని ఆమ్లముగా మాఱును. తాజా వెర్దేహోలో ఆ మార్పును జరుగనీయరు. పదునే దాని ప్రాణము. ఇంత జాగ్రత్తతో పట్టి సీసాలో బంధించిన తాజాదనము, సీసాలో నున్నంత మాత్రమున చిరకాలము నిలువదు. పెండ్లివఱకు దాచరా దని మే మనుటకు కారణ మిదియే. చవక రువేదాను కోతకోసిన మఱుసటి యేడు, మించిన ఆ పైయేడు వాడుకొనవలెను. అది పాతబడి గొప్పదగుటకు చేయబడినది కాదు.

ఈ మాట పుస్తకములు చూచి వ్రాయుట చాలదని, వయ్యదోలిద్ పట్టణమున కాపురమున్న యొక తెలుగు సోదరి యింట మూడు సీసాలు తెప్పించి పరీక్షించితిమి. మొదటిది కడచిన సంవత్సరపు కోత, వెల అయిదు యూరోలు. రెండవది ఆ తయారీదారుదే, మూడేండ్ల నాటిది. అంగడివారు వెల తగ్గించి మూడు యూరోలకే ఇచ్చిరి. మూడవది వేఱొకరిది, ముసలి తీగల పండు, అదియు మూడేండ్ల నాటిదే, పదునొకండు యూరోలు. మూడిటిని ఒకే చల్లదనమున, సుమారు 8 డిగ్రీలలో ఉంచితిమి. మంచుగడ్డవలె చేసిన వాసన దాగును, లోపమును దాగును; అంగడులలో కొందఱు సాధారణపు సరకును అతిచల్లగా పోయుట కదియే రహస్యము. గ్లాసులో మూడవవంతు మాత్రమే పోసి, కాడను పట్టుకొని త్రిప్పవలెను. గ్లాసు బొజ్జను పట్టుకొన్న అరచేతి వెచ్చదనము దానికి సోకును.

మొదటిదాని రంగు లేత గడ్డిపోచ రంగు. అంచున ఆకుపచ్చని ఛాయ. ముక్కునకు ముందుగా సోపుగింజల వాసన, వెంటనే అప్పుడే కోసిన పచ్చిక, ఆపైన దబ్బపండు తోలు గిల్లినట్టి సువాసన తోచినవి. మా సోదరి బిర్యానీ ఆకు వాసన యున్నదనినది. తరువాత చూడగా నిజమే. కొంచెము సేపటికి పిల్లలు తిను పండ్ల బిళ్ళల వాసన యొకటి తలయెత్తినది. అతిచల్లగా పులియబెట్టిన చవక సరకులో ఇది తఱచు. తప్పు కాదు గాని, పండు మాటకంటె తొట్టి మాట పెద్దదైనదని చెప్పును. నోటిలో పులుపు నాలుక ప్రక్కలను పట్టి, దవుడలనుండి నీరూరించినది. మింగకయే తెలిసిన సంగతి, చివరకు వచ్చు చేదు. బాదంపప్పును తోలుతో నమలినట్టి చిఱుచేదు అది. వెర్దేహోకు ముద్ర వంటిది. ఉగాది పచ్చడి తిన్నవారికి పులుపు వెనుక చేదు వచ్చుట తప్పుగా తోచదు. లోపమేమన, రుచి త్వరగా వెడలిపోయినది. మాట పూర్తి కాకమునుపే లేచిపోవు చుట్టమువలె. అయినను అయిదు యూరోలకు అంతకంటె నిజాయితీగల సరకు నడుగరాదు.

రెండవది చూడగనే తెలిసినది. రంగు పసుపుదేలినది. కోసి పళ్ళెములో మఱచిపోయిన ఆపిలు ముక్కల వాసన. సోపు లేదు, పచ్చిక లేదు. పులుపు మిగిలియున్నది గాని దానికి తోడు లేదు. పులుసు పిండిన చింతపండు పిప్పివలె నున్నది. రెండు యూరోలు తక్కువకు వచ్చినదని సంతోషించుటకు వీలులేదు. వెల తగ్గించిన బల్లమీది తెల్లని సీసాలను కొనుటకు ముందు సంవత్సరము చూడు డని దీనినిబట్టి చెప్పుచున్నాము. ఇంటియందును అంతే. పొయ్యి దాపున, కిటికీ ఎండలో, వెచ్చని గదిలో నిలిపిన సీసా మూడేండ్లు కాదు, ఒక్క వేసవికే ముసలిదగును.

మూడవది మమ్ము ఆలోచింపజేసినది. ఏండ్లు మూడే యైనను జీవముతో నున్నది. పరిమళము ముందుకు దుమికి రాలేదు, నెమ్మదిగా విచ్చుకొన్నది. ఈస్టు మడ్డిమీద కొన్ని నెలలు నిలిపినందున నోటికి నిండుగా, మీగడ కట్టినట్లు తోచినది. చేదు పొడుగుగా సాగి, ఉప్పగా ముగిసినది. కావున పాతబడిన ప్రతి రువేదాయు చెడు నని సూత్రము చేయరాదు. ముసలి తీగలు కొలదిగా కాయును, కాచిన పండు గట్టిగా నుండును. 30 ఏండ్లకు మించిన తీగలనుండి, హెక్టారునకు 6500 కిలోలకు మించని పండుతో చేసినదానికి "గ్రాన్ వీనో దె రువేదా" యను పేరును ఇటీవలి సంవత్సరములలో ఆ సీమవారు ఏర్పఱచిరి. మా తీర్పు మాత్రము ఇది: పదునొకండు యూరోల సీసా మేలైనదే గాని, అయిదు యూరోలదానికి రెండింతలు మేలైనది కాదు. పదిమంది విందు బల్లకు మొదటిది చాలును. రెండవదాని వంటిది ఊరక వచ్చినను వలదు.

అయిదు యూరోల సంగతి కొంచెము లెక్క వేయుద మని మా సోదరియు మేమును కాగితము తీసితిమి. నాలుగు యూరోల సీసా ననుకొందము. స్పెయినులో ఈ సరకుపై ప్రత్యేక మద్యపు సుంకము లేదు గాని, 21 శాతము అమ్మకపు పన్ను కలదు. అనగా 69 సెంట్లు పోయి, మిగులునది 3 యూరోల 31 సెంట్లు. అందు అంగడివాని లాభము, బండికూలి, గాజుసీసా, మూత, చీటీ, పెట్టె, తొట్లను చల్లబఱచిన విద్యుత్తు, పనివారి జీతము రావలెను. ఒక సీసాకు సుమారు కిలో పండు పట్టును. ఆ కిలోకు రైతునకు దక్కునది సెంట్లలో లెక్కయే గాని యూరోలలో కాదు. రాత్రి కోతకు యంత్రమే గాని మనుష్యులు రాకపోవుటకును, చవక సీసా యింత చవకగా వచ్చుటకును ఇదియే కారణము. వెల ఇంకను తగ్గవలె నని బేరమాడు ముందు, ఆ తగ్గింపు ఎవరి చేతినుండి వచ్చునో తలచుట మంచిదని మా యభిప్రాయము. మన దేశమునకు వచ్చుసరికి సుంకములును రాష్ట్రపు పన్నులును చేరి, ఇదే సీసా చవక యను మాటకు దూరమగును. కావున మే మిచ్చట చెప్పినదంతయు అచ్చట కాపురమున్నవారి కొఱకు.

సీసామీది చీటీ చదువుట కష్టము కాదు. "కొసేచా" యను మాట ప్రక్కనున్న అంకె కోత సంవత్సరము. "రువేదా వెర్దేహో" యని యున్నచో అందు నూటికి 85 పాళ్ళకు తక్కువ కాకుండ వెర్దేహో యుండవలె నని నియమము. వట్టి "రువేదా" యని యున్నచో సోవిన్యోన్ బ్లాన్ మొదలగు నితర జాతులు ఎక్కువగా కలియవచ్చును. కలిసినంత మాత్రమున తక్కువది కాదు. "సోబ్రె లీయాస్" అనగా మడ్డిమీద నిలిపినది. "బారీకా" అనగా కొయ్యపీపా. వెనుక చీటీపై సీమ పాలకమండలి ముద్రయు సంఖ్యయు ఉండవలెను. త్రిప్పుడు మూత యున్నదని చిన్నచూపు చూడరాదు. తాజా ఆసవమునకు అది బెరడుమూతకంటె నమ్మకమైనది. బెరడు చెడినచో తడిసి మురిగిన గోనెసంచి వాసన వేయును. అట్టిదానిని అంగడికి తిరిగి యిచ్చివేయవచ్చును.

శాకాహారపు టిండ్లవారు అడుగక విడువరాని ప్రశ్న యొకటి కలదు. ఆసవమును తేటపఱచుటకు కొందఱు బంకమట్టిని, కొందఱు గ్రుడ్డు తెల్లసొనను, పాలలోని పదార్థమును, మఱి కొందఱు చేప తిత్తినుండి తీసిన పదార్థమును వాడుదురు. పాలు, గ్రుడ్డు మిగిలియున్నచో చీటీపై చెప్పవలె నని నియమము. చేప సంగతికి అట్టి నిర్బంధము లేదు. "వెగానో" యను గుర్తు ఉన్న సీసాను ఎన్నుకొన్న సందేహము తీఱును. ఉబ్బసము గలవారు గంధకపు పదార్థమును సూచించు "సుల్ఫీతోస్" అను మాటను గమనింపవలెను. 2023 డిసెంబరు 8వ తేదీ పిదప తయారైన సీసాలపై కేలరీల లెక్కయు ఉండవలె నని ఐరోపా సమాఖ్య శాసించినది.

ఆరోగ్యపు మాట దాచిపెట్టుట మా కిష్టము లేదు. 150 మిల్లీలీటర్ల గ్లాసులో, నూటికి 13 పాళ్ళ బలమున, 15 గ్రాములకు పైగా ఆల్కహాలు ఉండును. స్పెయిను వైద్యులు లెక్కకు 10 గ్రాములను ఒక కొలతగా గొందురు. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే మద్యమును క్యాన్సరు కలిగించు పదార్థములలో మొదటి తరగతిలో చేర్చినది. స్త్రీలకు రొమ్ము క్యాన్సరు భయము కొలది మోతాదుతోనే హెచ్చుచున్నదని వైద్యులు చెప్పుచున్నారు. ఇంత త్రాగిన హానిలేదని చెప్పదగిన కొలత ఏదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించెను. గర్భవతులకు చుక్కయు కూడదు. తెల్లనిది, చవకది, పల్చనిది గనుక తేలికయని యెవరైన చెప్పిన నమ్మకుడు. సారాయిలో నున్న ఆల్కహాలును ఇందులోని ఆల్కహాలును ఒకటియే. అచ్చటి మర్యాదలో "నాకు వలదు, నీరు చాలును" అనుట తప్పు కాదు. కారణ మడుగుటయే తప్పు. ఇల్లాలు అతిథికి పోసి, తాను నిమ్మరసము త్రాగుచు కూర్చున్నను ఎవరును నొచ్చుకొనరు.

ఆ సీమవారు దీనిని వట్టిగా త్రాగుట అరుదు. సాయంకాలము వీధిబల్ల కడ చిన్న గ్లాసును, ప్రక్కనే ఉప్పులో ఊరిన ఆలివుకాయలో, సిర్కాలో నానిన చిఱుచేపలో, బంగాళాదుంపల గ్రుడ్డట్టు ముక్కయో ఉండును. మా సోదరి ప్రక్కింటి ముసలామె తాను అరవై యేండ్లుగా అట్లే ఒక చిన్న గ్లాసు తీసికొనుచున్నానని, భోజనము లేనిచో ముట్టనని చెప్పినది. మన వంటలలో పెసరట్టు, గారెలు, నిమ్మకాయ పులిహోర, వేయించిన చందువాచేప దీనికి చక్కగా అమరినవి; పులుపునకు పులుపు, నూనెకు పదును. కారము మాత్రము పగ. ఆవకాయ ముద్ద తిన్న నోటికి దీనిలోని చిఱుచేదు వికారమగును, ఆల్కహాలు మంట పెంచును. గోంగూర పచ్చడి ముందు ఇది నీళ్ళే.

విందు ముగిసిన పిదప సగము మిగిలిన సీసాను మూత బిగించి చల్లని పెట్టెలో నిలువుగా నుంచవలెను. మఱునాటికి పరిమళము కొంత తగ్గును, మూడవనాటికి చాల తగ్గును. ఆ పైన దానిని గ్లాసులో పోయక, వెల్లుల్లి వేయించిన ఆలివు నూనెలో చేపముక్కలు వేసి, అవి సగము ఉడికినప్పుడు పావు గ్లాసెడు పోయుడు. మూత తీసి పెద్దమంటపై మఱగనిచ్చినచో ఘాటు పోయి పులుపు నిలుచును. దించునపుడు కొత్తిమీరకు బదులు అచ్చటి పార్స్లీ ఆకు తఱిగి చల్లుదురు.